జలమార్గ పటముల చరిత్ర: పుట్టి మొదలు ఎలక్ట్రానిక్ పటము వఱకు

గంగపుత్రులమని చెప్పుకొను మనకు నీరే పొలము, పడవయే నాగలి. మహాసభా సందర్భమున వెలువడు సంచికలయందు కులోత్పత్తిని గూర్చియు, గోత్రములను గూర్చియు, పూర్వులు పొందిన మాన్యములను గూర్చియు పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. మేము ఈ యేడు వేఱొక చరిత్రను మనవి చేయదలచితిమి. అది నీటిమీద దారి తెలిసికొను విద్య యొక్క చరిత్ర. నేడు మన యువకులు మోటారు పడవ నెక్కి, చేతిఫోను తెఱచి, అందు కనబడు నీలిరంగును చూచి చుక్కాని త్రిప్పుచున్నారు. ఏ సాఫ్ట్‌వేరు మంచిది, ఏ పటమును నమ్మవచ్చును అని అడుగువారును కలరు. ఈ ప్రశ్న క్రొత్తదిగా తోచును గాని మిక్కిలి పాతది. పూర్వులు ఆ ప్రశ్నకు ఏమి సమాధానము చెప్పుకొనిరో తెలిసినచో, నేటి యెన్నిక మనకు సులభమగును.

మన నది, మన పడవలు

బాలాఘాటు కొండలలో బుట్టిన మంజీర మన కోటగిరి, బోధన్ సీమల నొరసికొనుచు ప్రవహించి, కందకుర్తి కడ గోదావరిలో గలియుచున్నది. హరిద్రానదియు అచ్చటనే చేరుటచే దానిని త్రివేణీసంగమ మందురు. వంతెనలు లేని కాలమున ఈ నదిని దాటుటకు పుట్టియే శరణ్యము. వెదురుబద్దలతో గుండ్రముగా నల్లి, తోలు గప్పిన అరిగోలు. చెట్టుబోదె తొలిచిన దోనె. దుంగలు కట్టిన తెప్ప: ఇవి మన పూర్వుల నావలు. వానికి పటము లేదు. పటము పడవవాని తలలో నుండెను. లోతును బారలతో గొలిచిరి. బార చాలనిచోట మోకాలిబంటి, నడుముబంటి, పీకబంటి, నిలువులోతు అని మనిషి దేహమునే కొలకఱ్ఱగా జేసికొనిరి. రేవు, మడుగు, సుడి, మేట, పాయ, లంక అను మాటలు నిఘంటువులోని శబ్దములు మాత్రమే కావు. అవి పటములోని గుర్తులు. నీటిరంగు మాఱినచోట లోతు మాఱునని, అలల ముడత పడినచోట క్రింద రాయి గాని మేట గాని యుండునని వారెఱుగుదురు.

ఈ విద్యకు ఒక గుణమును, ఒక దోషమును గలవు. గుణ మేమనగా, ప్రతి వరద తరువాతను ఆ తలలోని పటము దిద్దుబాటగుచుండెను; ఏలయన పడవవాడు ప్రతిదినము నీటిమీదనే యుండును. దోష మేమనగా, ఆ మనిషితో గూడ ఆ పటమును కాటికి బోవును.

సంస్కృత గ్రంథములలో నావికుడు

మన పురాణములలో నావికునకు తక్కువ స్థానము లేదు. శ్రీరాముని గంగ దాటించుటకు నావను సమకూర్చినవాడు గుహుడు. యమునపై పడవ నడిపిన దాశరాజు పెంపుడు కూతురు సత్యవతి కురువంశమునకు తల్లి యయ్యెను. భీష్ముడు గాంగేయుడు. ఇవి మనము గర్వముతో జెప్పుకొను కథలు. వానికంటె మన విషయమునకు మిక్కిలి పనికివచ్చు గ్రంథములు రెండు గలవు.

ఒకటి ఆర్యశూరుని జాతకమాలలోని సుపారగుని కథ. సుపారగుడు వయసు మీఱిన నావికుడు. పాలిజాతకము ప్రకారము ఉప్పునీటి తాకిడిచే చూపు గోల్పోయినవాడు. అయినను వర్తకులు ఆతనిని బతిమాలి నావ నెక్కించుకొనిరి. ఏలయన ఆతడు చేపల జాతిని బట్టి, నీటిరంగును బట్టి, పక్షులను బట్టి, అడుగు నేలను బట్టి ఏ సముద్రమున నున్నారో చెప్పగలవాడు. నేటి నావికపటములో లోతుతోబాటు అడుగున ఇసుకయా, బురదయా, రాయియా అని యక్షరములతో గుర్తింతురు. సుపారగుడు చేసినదియు అదియే.

రెండవది కౌటిల్యుని అర్థశాస్త్రము. అందు నావధ్యక్షుడను నధికారి ధర్మములు చెప్పబడినవి. హేమంత గ్రీష్మములందును నిండి పాఱు మహానదులలో పెద్ద నావలను, వానకాలమున మాత్రమే పాఱు చిన్న యేఱులలో చిన్న నావలను వాడవలెనని విధించెను. పెద్ద నావలో శాసకుడు, నియామకుడు, త్రాళ్లు పట్టువాడు, నీరు తోడువాడు వేఱువేఱుగా నుండవలయును. చాలినంత మంది మనుష్యులును పనిముట్లును లేకనో, మరమ్మతు లేకనో నావ మునిగినచో, కలిగిన నష్టమును నావధ్యక్షుడే యిచ్చుకొనవలెనని శాసించెను. దారి తెలియకపోవుట దైవఘటన కాదనియు, అది బాధ్యుడైనవాని లోపమనియు రెండువేల యేండ్ల నాడే మనవారు నిశ్చయించిరి.

తెలుగు తీరము

ఏటి పడవలనుండి సముద్రమునకు బోయినచో మన తెలుగుజాతి నావికచరిత్ర మఱింత విపులము. క్రీస్తుశకము 2వ శతాబ్దమున శాతవాహన రాజులు రెండు కొయ్యలు గల నావబొమ్మతో నాణెములు ముద్రించిరి. అదే శతాబ్దమున టాలెమీ యను గ్రీకు భూగోళవేత్త, మైసోలియా యని తానన్న మన కృష్ణాతీరమునకు సమీపమున, సువర్ణభూమికి బోవు నావలు తీరము విడిచి నడిసముద్రమునకు మరలు స్థానమును తన గ్రంథమున గుర్తించెను. 1వ శతాబ్దపు పెరిప్లస్ అను యాత్రాగ్రంథములో ఈ తూర్పుతీరమున దుంగలు జోడించి కట్టిన పెద్ద పడవలకు సంగర యను పేరు చెప్పబడినది. మన సంగడి యను మాట దానిని పోలియున్నది.

1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు ఒడ్డున బడిన నావలలోని సరుకును పూర్వరాజులు లాగికొనుచుండిరనియు, తాను మాత్రము న్యాయమైన సుంకము దక్క వేఱేమియు దీసికొననని వర్తకులకు అభయమిచ్చెను. నావ మునుగుట యెంత తఱచో, దానివలన కలుగు దుఃఖ మెంతటిదో ఆ శాసనమే సాక్ష్యము.

కొలతతో గీసిన పటము మన తీరమునకు కంపెనీ దొరల కాలమున వచ్చినది. 18వ శతాబ్దము చివర మైఖేల్ టాపింగ్ అను సర్వేయరు కోరమండల తీరమును గొలిచెను. ఆతడు 1796లో మచిలీపట్నమునందే జ్వరముచే మరణించెను. ఆ కాలమున గోదావరీముఖమున గల కోరంగి గొప్ప నౌకానిర్మాణ స్థానము. 1839 నాటి తుపాను ఆ రేవును నాశనము చేసెను. గోదావరి తెచ్చిన మేట దానిని పూడ్చెను. వర్తకము కాకినాడకు మరలెను. కాకినాడ యెదుట నేడు కనబడు హోప్ దీవి సుమారు 16 కిలోమీటరుల ఇసుకతిప్ప. అది గడచిన రెండువందల యేండ్లలో గోదావరి ఇసుక చేరి యేర్పడినది. టాపింగు నాటి పటమును నమ్మి నేడు అచ్చట పడవ నడుపువాడు నేలమీద నడుపును. కాబట్టి పటములను గూర్చి మొదటి సూత్రమిది: పటము ఎంత యందముగా నున్నను, దాని వయస్సును అడుగవలయును.

1874లో కలకత్తాలో మెరైన్ సర్వే ఆఫ్ ఇండియా యేర్పడెను. ఆ కార్యాలయము 1954లో డెహ్రాడూనునకు చేరి, నేడు జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయమను పేర మన దేశపు సముద్రపటములను ముద్రించుచున్నది. కాగితపు పటములతోబాటు ఎలక్ట్రానిక్ పటములను గూడ వెలువరించుచున్నది. దీపము మాఱినను, మేట పెరిగినను, మునిగిన నావ కనబడినను నావికులకు ప్రకటనలు పంపి పటమును దిద్దించుచున్నది.

ఎలక్ట్రానిక్ పటమనగా నేమి

ఇది రెండు విధములు. మొదటిది కాగితపు పటమునకు దీసిన ఫొటో వంటిది; దానిని రాస్టరు పటమందురు. దానిని పెద్దది చేసినచో అక్షరములు పెద్దవగును గాని క్రొత్త సంగతి యేదియు కనబడదు. రెండవది వెక్టరు పటము. అందు ప్రతి లోతును, ప్రతి రాయియు, ప్రతి దీపమును వేఱువేఱుగా పట్టికలో వ్రాయబడి, కంప్యూటరుచే అప్పటికప్పుడు గీయబడును. యస్-57 అను అంతర్జాతీయ పద్ధతి ప్రకారము ప్రభుత్వములు సిద్ధము చేయు పటము లీ రెండవ జాతివి. పెద్ద ఓడలు ఎక్డిస్ అను యంత్రముపై ఈ పటములను వాడవలెనని 2012 నుండి 2018 వఱకు క్రమముగా నియమము అమలులోనికి వచ్చెను. చిన్న పడవలకు ఆ నిర్బంధము లేదు. నిర్బంధము లేనిచోట వివేకమే నియమము.

వెక్టరు పటమున ఒక గొప్ప యపాయము గలదు. దూరమునుండి చూచునపుడు తెర గజిబిజి కాకుండుటకై సాఫ్ట్‌వేరు చిన్న సంగతులను దాచును. 2014 నవంబరు 29న టీమ్ వెస్టాస్ విండ్ అను పందెపుపడవ హిందూమహాసముద్రమున మారిషసునకు చేరిన కార్గడోస్ కరజోస్ తిప్పలపై బడి పగిలినది. అందున్న తొమ్మిదిమందియు నేర్పరులైన నావికులు. అదృష్టవశమున అందఱును బ్రతికిరి. ఆ తిప్ప వారి ఎలక్ట్రానిక్ పటములో లేకపోలేదు. చాలినంత దగ్గఱగా పెంచి చూడకపోవుటచే అది తెరపై తిప్పగా కనబడలేదు. పటములో నుండుట వేఱు, కంట బడుట వేఱు.

ఎన్నిక

ఇక సాఫ్ట్‌వేరుల మాట. రోడ్డుదారి చూపు గూగుల్ మ్యాప్స్ వంటివానిలో నీరు నీలిరంగు మాత్రమే; లోతు లేదు, రాయి లేదు. అవి బండివానికి పనికివచ్చును, పడవవానికి గాదు. ఓపెన్ సీపీఎన్ అనునది 2009 ప్రాంతమున డేవిడ్ రిజిస్టరు అను నావికుడు ప్రారంభింపగా పలువురు స్వచ్ఛందముగా పెంచిన ఉచిత సాఫ్ట్‌వేరు. కంప్యూటరునందును ఆండ్రాయిడ్ ఫోనునందును పనిచేయును. రాస్టరు, వెక్టరు పటములను రెంటిని చదువును. మనము చేసికొన్న పటములను గూడ అంగీకరించును. అయితే అది ఖాళీ పళ్లెము వంటిది. పటములను వేఱుగా సంపాదింపవలయును. నావియోనిక్స్ అనునది 1984లో ఇటలీలో పుట్టి, 2017లో గార్మిన్ కంపెనీ వశమైనది. పటములతో గూడ వచ్చును, ఫోనులో దాచుకొనవచ్చును, యేటేట చందా కట్టవలయును. సముద్రమున వేటకుబోవు మన తెలుగుసోదరులకు 1999లో హైదరాబాదున స్థాపింపబడిన ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరకు తావులను, అలల హెచ్చరికలను తెలుగులోనే తెలుపుచున్నది. సెల్లు టవరు అందనిచోటకు ఆ సమాచారమును చేర్చుటకై 2019లో జెమిని యను చిన్న యంత్రమును గూడ వెలువరించిరి.

పేరులు మాఱవచ్చును, రేపు వేఱొక సాఫ్ట్‌వేరు రావచ్చును. కావున పేరును గాక, ప్రశ్నలను గుర్తుంచుకొనుడు. మొదటి ప్రశ్న: ఈ లోతులను ఎవరు కొలిచిరి, ఎప్పుడు కొలిచిరి? రెండవది: నెట్టు లేనిచోట పటము తెఱచుకొనునా? నడుమనీట చక్రము తిరుగుచుండు తెర కట్టెముక్కతో సమానము. మూడవది: పటపు కొలతయు ఉపగ్రహపు కొలతయు ఒక్కటేనా? మన దేశపు పాత పటములు ఎవరెస్టు కొలత ననుసరించినవి. ఉపగ్రహములు డబ్ల్యూజీయస్-84 అను కొలత ననుసరించును. రెంటికిని వంద మీటరులకు మించి తేడా రావచ్చును. ఆ వంద మీటరులలోనే రాయి యుండవచ్చును. నాలుగవది: ఎండలో తెర కనబడునా, తడిచేతితో పనిచేయునా, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచును? ఐదవది: నడచిన దారిని, గుర్తులను దాచి మఱియొకరి ఫోనునకు పంపవచ్చునా? ఈ యైదింటికిని చక్కగా సమాధానము చెప్పలేని సాఫ్ట్‌వేరు, ఎంత ఖరీదైనదైనను, మనకు వలదు.

ఈ ప్రశ్నలు విలాసములు కావు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు వెడలిన తెలుగు జాలరులు పాకిస్తాను వారిచే బంధింపబడిరి. వారిలో పెక్కుమంది శ్రీకాకుళ, విజయనగర సీమలవారు. సుమారు పదునాలుగు నెలలు చెఱలో మ్రగ్గిన పిమ్మట 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దున విడుదలైరి. నీటిమీద ఎల్లరాయి యుండదు. సరిహద్దు పటములో మాత్రమే కనబడును. ఆ గీతను చూపని పటము వలన ఎన్ని యిండ్లు దీపములేక యుండెనో తలచుకొనుడు. ఆ వృత్తాంతము నాధారముగా జేసికొని 2025లో తండేల్ అను చలనచిత్రము వెలువడినది. తండేలనగా పడవ నాయకుడు.

యంత్రముండగా విద్య యేల యనువారు గలరు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేఱి, తారిణి యను 56 అడుగుల తెరచాప పడవపై ఆఱుగురు నౌకాదళ స్త్రీలు భూమండలమును చుట్టి 2018 మే 21న తిరిగివచ్చిరి. అందు విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు మన తెలుగు ఆడపడుచులు. వారు యాత్రకు ముందు నావికశాస్త్రమును, వాతావరణశాస్త్రమును శ్రద్ధగా నభ్యసించిరి. యంత్రము విద్యకు తోడు; విద్యకు బదులు గాదు. మన కుమార్తెలకును ఈ విద్య తగునని వేఱుగా చెప్పనక్కఱలేదు.

మన జలాశయములకు పటమేది

ఇప్పుడు మన యింటిమాట. 1923 నుండి 1931 వఱకు మంజీరపై నిజాంసాగరము కట్టబడినది. ఆ నీటితోనే మన సీమ చెఱకుతోటలు పెరిగినవి. 1937లో స్థాపింపబడి 2015లో మూతబడిన బోధన్ చక్కెర కర్మాగారము నడచినది. 1963 జూలై 26న పోచంపాడు కడ నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము గోదావరిని సరస్సుగా మార్చినది. రేవులు పోయినవి, జలాశయములు వచ్చినవి. దాటించువారమైన మనము వేటకే మిగిలితిమి. ఆ నీటిక్రింద మునిగిన యూళ్ల గోడలు, బావిగట్లు, చెట్టుమోళ్లు, బండలు ఉన్నవి. వానిని చూపు నావికపటము డెహ్రాడూనులో లేదు, నావియోనిక్సులో లేదు, మఱెచ్చటను మన చేతికందునట్లు లేదు. సముద్రమునకు పటము గలదు. మన పొట్ట నింపు చెరువునకు లేదు.

పటము లేనిచోట పెద్దల తలలోని పటమే దిక్కు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదతో నుండగా పాపికొండల దారిని కచ్చులూరు కడ యాత్రికుల పడవ మునిగి దాదాపు 50 మంది మరణించిరి. ఆ పడవను పైకి దీయుటకు పలువురు యత్నించి విఫలులు కాగా, కాకినాడ ధర్మాడి సత్యము బృందము లంగరులతోను, ఇనుపత్రాళ్లతోను అక్టోబరు 22న దానిని ఒడ్డునకు చేర్చినది. సుడి యెచ్చట తిరుగునో, లోతెంతయో, నీరెప్పుడు నెమ్మదించునో తెలిసిన దేశీయవిద్య ఆనాడు లోకమునకు కనబడెను. ఆ తెలివి పడవ మునుగకముందే వాడబడవలసినది.

కావున మన సంఘము చేయదగిన పని యొకటి మనవి చేయుదుము. ఇది పెద్ద ధనముతో బని లేనిది. వేసవిలో జలాశయము అడుగంటినపుడు దీసిన ఉపగ్రహ చిత్రములు దొరకును. వానిలో నేల, బండలు, పాత గోడలు స్పష్టముగా కనబడును. ఆ చిత్రములను ఓపెన్ సీపీఎన్ చదువు రూపమునకు మార్చి అడుగుపటముగా నుంచుకొనవచ్చును. దానిపై పెద్దలను పడవలో గూర్చుండబెట్టి, వారు చూపిన ప్రతి బండను, ప్రతి మోడును, ప్రతి మడుగును పేరుతోసహా గుర్తింపవలయును. ఒక్క ఎకో సౌండరు కొన్నచో లోతులును చేరును.

ఇందు ఒక్క జాగ్రత్త గలదు. సముద్రపటములో లోతులను నీరు మిక్కిలి తగ్గినప్పటి మట్టమునుండి లెక్కింతురు. మన జలాశయములకు పూర్తిమట్టమే ఆధారము: శ్రీరామసాగరమునకు 1091 అడుగులు, నిజాంసాగరమునకు 1405 అడుగులు. నాటి మట్టము పత్రికలలో వచ్చుచునే యుండును. లోతు వ్రాసినపుడు ఆనాటి మట్టమును గూడ వ్రాయవలయును. ఉదాహరణకు, శ్రీరామసాగరము నిండినపుడు ఒక బండపై 20 అడుగుల నీరున్నదనుకొనుడు. నేటి మట్టము 1075 అడుగులైనచో, 16 అడుగులు తగ్గినవి. బండపై 4 అడుగులే మిగిలినవి. ఈ తీసివేత బడిపిల్లవాడు చేయగలడు. చేయనివాడు పడవ పగులగొట్టుకొనును. ఎగువ బాబ్లీ ఆనకట్ట తలుపులు సుప్రీంకోర్టు 2013 నాటి తీర్పు ప్రకారము జూలై 1 నుండి అక్టోబరు 28 వఱకు ఎత్తియుండును. ఆ నాలుగు నెలలలో వరద నేరుగా మనపైకి వచ్చును. మేటలు స్థానము మార్చును. కావున ప్రతి కార్తికమాసమున పటమును మరల దిద్దవలయును.

పోషక మహాశయులకు మా విన్నపము: సభామందిరములకు, విందులకు వెచ్చించు ధనములో కొంత ఈ పనికి కేటాయింపుడు. ఒక కొలత యంత్రము, రెండు ఫోనులు, పడవకు తగినన్ని లైఫ్ జాకెట్లు, ఆసక్తి గల నలుగురు యువకులు చాలుదురు. పెద్దలకు మా విన్నపము: మీకు తెలిసిన మడుగుల పేరులను దాచుకొనకుడు. వేటతావు చెప్పినచో చేపలు పోవునను శంక కొందఱికి గలదు. వేటతావులను చెప్పవలదు, అపాయపు తావులను మాత్రము తప్పక చెప్పుడు. చేప దొరకకున్న ఒక పూట పస్తు. బండ తెలియకున్న ఒక యిల్లు పస్తు. యువకులకు మా మాట: ఫోనును చూడుడు, పిమ్మట నీటిని చూడుడు, రెండును ఏకీభవింపనిచో నీటినే నమ్ముడు.

కులచరిత్ర యనగా పూర్వుల పేరులు మాత్రమే గాదు. వారి తెలివి గూడ చరిత్రయే. దానిని రాబోవు తరమునకు పటముగా గీసియిచ్చుట మన చేతిలోని పని. వచ్చు మహాసభ నాటికి ఈ సంచికలో మా వ్యాసమునకు బదులుగా మన జలాశయముల పటమే ముద్రింపబడుగాక! గంగామాత మన పడవలను చల్లగా చూచుగాక!

మంగళమ్.